ఉమ్మడి గోడ



గుండెను గూర్చి మాటలాడునపుడు వైద్యులమైన మేము సౌకర్యముకొఱకు దానిని రెండుగా విభజించి, కుడి గుండె యనియు ఎడమ గుండె యనియు వ్యవహరించుచుందుము. కుడి భాగము శరీరమంతట నుండి మఱలి వచ్చిన రక్తమును గ్రహించి ఊపిరితిత్తులకు పంపుననియు, ఎడమ భాగము ఊపిరితిత్తులలో ప్రాణవాయువును నింపుకొని వచ్చిన రక్తమును బృహద్ధమని ద్వారమున సర్వాంగములకు పంపుననియు బడిపిల్లలు సైతము చెప్పగలరు. ఈ పాఠములో అసత్యమేమియు లేదు. అయినను ఇంతమాత్రమే చదివినవారికి, ఆ రెండు భాగములును ఒకదాని సంగతి యొకటి యెఱుగక దేని పని అది చూచుకొనుచున్నవని తోచును. నంద్యాల ఆసుపత్రులలో నేమి, ఆళ్ళగడ్డ ఆసుపత్రులలో నేమి, ఏండ్ల తరబడి దమ్ముతో బాధపడి, కాళ్ళు పొంగి, చివరకు బీపీ పడిపోయి వచ్చిన రోగిని చూచిన వైద్యునికి మాత్రము ఆ పాఠము చాలదు. రోగము ఊపిరితిత్తులది, భారము పడినది గుండెయొక్క కుడి క్రింది గదియైన కుడి జఠరికమీద, మరి బీపీని నిలుపవలసిన ఎడమ జఠరిక, తనకు ఏ జబ్బును లేకయే, ఏల నీరసించినది? ఈ ప్రశ్నకు సమాధానము సగము రక్తప్రవాహములోను, తక్కిన సగము రెండు జఠరికల నడుమ నున్న గోడలోను కలదు. నేటి ప్రసంగము ముఖ్యముగా ఆ గోడను గూర్చినది.

ఆ గోడకు పెద్ద చరిత్రయే యున్నది. క్రీస్తుశకము రెండవ శతాబ్దములో రోమునగరమున వైద్యము చేసిన గేలెన్ అను గ్రీకు పండితుడు, కుడి జఠరికలోని రక్తములో కొంత ఈ గోడయందలి అదృశ్య రంధ్రముల ద్వారా ఎడమ జఠరికలోనికి ఊరుచున్నదని వ్రాసెను. ఆ రంధ్రములను ఆయనగాని మఱియొకడుగాని చూచినది లేదు. కాని గేలెన్ చెప్పినది వేదవాక్యమై, వేయేండ్లకు పైగా పశ్చిమదేశముల వైద్యశాలలలో నిలిచిపోయినది. పదుమూడవ శతాబ్దమున ఇబ్న్ అల్ నఫీస్ అను అరబ్బు వైద్యుడు, ఈ గోడ దట్టమైనదనియు, ఇందు కనబడు రంధ్రములుగాని కనబడని రంధ్రములుగాని లేవనియు, రక్తము ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వచ్చుట తప్ప వేఱుదారి లేదనియు స్పష్టముగా వ్రాసెను. ఆ మాట ఐరోపాలో ఎవరి చెవినిబడినదో పడలేదో కాని, 1543లో శరీరనిర్మాణ గ్రంథమును ప్రకటించిన వెసేలియస్‌కు తొలుత ఆశ్చర్యమును, పిదప అనుమానమును కలిగినవి. 1628లో విలియం హార్వే రక్తప్రసరణమును నిరూపించిన తరువాత గేలెన్ రంధ్రములు శాశ్వతముగా మూసికొనిపోయినవి. రక్తము ఈ గోడను దాటదని నిశ్చయమైనది. అయితే ఆ నిశ్చయముతోపాటు మఱియొక భావముకూడ వైద్యుల మనస్సులలో నాటుకొన్నది: రక్తమే దాటనిచో ఏదియు దాటదనియు, గోడ కేవలము హద్దు మాత్రమేననియు. ఇది పొరపాటని తెలిసికొనుటకు మఱి మూడువందల యేండ్లు పట్టినది. ఆరోగ్యవంతుని హృదయములో ఈ గోడను ఒక్క చుక్క రక్తమును దాటదు. బలము మాత్రము ప్రతి స్పందనమునందును అటునుండి యిటును ఇటునుండి యటును దాటుచునే యుండును.

ఇది ఎట్లు జరుగునో తెలియుటకు రెండు జఠరికల ఆకారమును మనస్సులో నిలుపుకొనవలయును. గుండెను అడ్డముగా కోసి చూచినచో ఎడమ జఠరిక గుండ్రముగా, దళసరి కండరముతో కనబడును. కుడి జఠరిక దాని ప్రక్కన నెలవంకవలె ఒదిగి, పలుచని గోడతో, ఎడమదానిని చుట్టుకొనియుండును. రెండును ప్రతి స్పందనమునకు పంపు రక్తము సమానమే; విశ్రాంతిగా నున్న పెద్దవానియందు రమారమి 70 మిల్లీలీటర్లు, అనగా నిమిషమునకు 5 లీటర్లు. ఒత్తిడి మాత్రము సమానము కాదు. ఎడమ జఠరిక తలమొదలు పాదముల వఱకు రక్తమును తోలవలెను గనుక 120 మిల్లీమీటర్ల పాదరసమెత్తు ఒత్తిడిని పుట్టించును. కుడి జఠరికకు ప్రక్కనే యున్న మెత్తని ఊపిరితిత్తులే గమ్యములు గనుక సుమారు 25 మిల్లీమీటర్లే చాలును. ఎడమ వైపు ఒత్తిడి ఎల్లప్పుడును హెచ్చు గనుక నడిమి గోడ ఎల్లప్పుడును కుడివైపునకే ఉబ్బి యుండును. ఆ ఉబ్బుటవలననే ఎడమ జఠరికకు గుండ్రదనము, కుడిదానికి నెలవంక రూపము సిద్ధించినవి.

మన సీమలో పాతకాలపు మట్టిమిద్దెలు రెండు ఒకే గోడను పంచుకొని నిలిచియుండుట శ్రోతలు చూచియేయుందురు. ప్రక్క యింటివాడు తన కొట్టులో శనగమూటలను పైకప్పునంటునట్లు పేర్చినయెడల ఆ నడిమి గోడ మన యింటిలోనికి పొంగి, మనము మంచము వేసికొను జాగాయే తఱుగును. పైపెచ్చు ఆ రెండిండ్లను కలిపి చుట్టును బిగువైన రాతికట్టడ మున్నచో, వెలుపలకు జరుగుటకు వీలులేక, ఆ పొంగు అంతయు మనవైపే రావలసివచ్చును. గుండెయందు ఆ రాతికట్టడపు స్థానములో హృదయావరణము అను గట్టి పొరసంచి యున్నది. అది సులభముగా సాగదు. దానిలోపలి చోటు పరిమితము గనుక, ఒక జఠరిక అకస్మాత్తుగా ఎక్కువ నిండినచో రెండవది ఆ మేరకు తక్కువగా నిండవలసినదే.

ఈ వ్యవహారము రోగులయందే కాక మనయందఱియందును ప్రతి శ్వాసలోను జరుగుచున్నది. ఊపిరి లోనికి పీల్చినపుడు ఱొమ్ములోని ఒత్తిడి తగ్గి, సిరలలోని రక్తము వేగముగా కుడి గుండెలోనికి వచ్చును. కుడి జఠరిక ఉబ్బును. గోడ కొంచెము ఎడమకు జరుగును. ఎడమ జఠరిక ఆ క్షణమున కొంచెము తక్కువగా నిండి, కొంచెము తక్కువ రక్తమును పంపును. పీల్చిన ఊపిరితో బీపీ 10 మిల్లీమీటర్లకు లోపుగా తగ్గుట సహజము. అది మనకు తెలియనే తెలియదు. క్షయవలన హృదయావరణములో నీరు చేరినపుడో, ఉబ్బసము తీవ్రమైనపుడో ఈ తగ్గుదల ఎంతో హెచ్చి, లోనికి ఊపిరి పీల్చినంతసేపును మణికట్టువద్ద నాడి చేతికి అందక పోవచ్చును. 1873లో కుస్‌మౌల్ అను జర్మను వైద్యుడు దీనిని వర్ణించి, గుండె కొట్టుకొనుచునే యుండగా నాడి మాయమగుటను జూచి విపరీతనాడి యను అర్థమిచ్చు పేరు పెట్టెను. విపరీతమేమియు లేదు, మనయందఱిలో నున్నదే అచట మితిమీరినది.

గోడ జరుగుట యొక సంగతి. గోడ పనిచేయుట ఇంకొక సంగతి. నడిమి గోడ ఉత్త అడ్డుతెర కాదు, బలమైన కండరము. పైగా హృదయమును చుట్టియున్న కండర తంతువులు కొన్ని మెలికలు తిరుగుచు ఒక జఠరికనుండి రెండవదానిమీదికి సాగిపోవును. అందువలన ఎడమ జఠరిక ముడుచుకొన్నపుడు ఆ లాగుడు కుడి జఠరికకును సంక్రమించును. కుడి జఠరిక పుట్టించు ఒత్తిడిలోను, పంపు రక్తములోను 20 మొదలు 40 శాతము వఱకు ఎడమ జఠరిక యొక్క సంకోచమువలననే కలుగుచున్నదని 1998లో సాంటమోర్, డెల్ ఇటాలియా అను ఇద్దఱు పరిశోధకులు అంతవఱకు జరిగిన ప్రయోగములనన్నిటిని సమీక్షించి అంచనా కట్టిరి. కుడిది ఎడమదానికి మఱల చేయు సాయము 4 మొదలు 10 శాతము మాత్రమే. ఇరుగుపొరుగులలో ఇచ్చిపుచ్చుకొనుటలు సమానముగా నుండవలెనన్న నియమము ఈ యిండ్లలో లేదు.

ఈ జ్ఞానము తిన్నని దారిలో రాలేదు. 1910లో ఫ్రాన్సులోని నాన్సీ నగరపు వైద్యుడు బెర్న్‌హైమ్, ఎడమ జఠరిక బలిసినపుడు గోడ కుడివైపునకు పొంగి కుడి జఠరికను ఇఱుకు చేయుననియు, అందుచేత ఊపిరితిత్తులలో నీరు చేరకయే కాళ్ళు వాయుననియు వ్రాసెను. ఈయన లోకమునకు హృదయవైద్యునిగా కంటె వశీకరణవిద్యను వైద్యములో ప్రచారము చేసిన ఆచార్యునిగానే ఎక్కువ ప్రసిద్ధుడు. ఫ్రాయిడ్ అంతటివాడు 1889లో ఆయనయొద్దకు నేర్చుకొనుటకు వెళ్ళెను. ఆయన వర్ణించిన రోగులలో చాలమందికి ఆయన చెప్పిన కారణము సరిపడదని తరువాతివారు తేల్చిరి. ఐనను గోడ ఆవల జరిగినది ఈవలకు తగులునన్న సూత్రము నిలిచినది. 1914లో హెండర్సన్, ప్రిన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు జంతువుల హృదయములపై ప్రయోగములు చేసి, ఒక జఠరికను అధికముగా నింపిన కొలది రెండవది పంపు రక్తము తగ్గుచున్నదని చూపిరి.

అంతలో 1943లో ఫిలడెల్ఫియాలో ఐజక్ స్టార్ అను ఆయన మఱియొక ప్రయోగము చేసెను. కుక్కల కుడి జఠరికయొక్క వెలుపలి గోడను కాల్చి నిర్జీవము చేసినను, సిరలలో ఒత్తిడి చెప్పుకోదగినంత పెరుగలేదు. దీనినిబట్టి కుడి జఠరిక లేకున్నను నష్టము లేదనియు, అది రక్తము నడచిపోవు వసారా మాత్రమేననియు చాలమంది తలచిరి. ఒక తరము వైద్యులు దానిని సవతి బిడ్డవలె చూచుటకు ఈ ప్రయోగము కొంత కారణమని నా యభిప్రాయము. 1968లో బోర్డో నగరమున ఫాంటన్ అను శస్త్రవైద్యుడు, పుట్టుకతోనే లోపముగల గుండెలో కుడి జఠరికను తప్పించి రక్తమును సూటిగా పుపుస ధమనిలోనికి మళ్ళించి రోగిని బ్రతికించుటయు ఆ భావమునకు బలమిచ్చెను. స్టార్ కుక్కలు ఏల బ్రతికినవో నేడు మనకు తెలియును. వాని వెలుపలి గోడయే కాలినది. నడిమి గోడ చెక్కుచెదరలేదు. ఆరోగ్యముగా నున్న ఎడమ జఠరిక ఆ గోడద్వారా కుడివైపు పనినికూడ తన మీద వేసికొన్నది. అంతకంటె ముఖ్యముగా వాని ఊపిరితిత్తులు ఆరోగ్యముగా నుండెను, ఎదురొత్తిడి లేదు. ఊపిరితిత్తులు చెడిననాడు ఈ సర్దుబాటు సాగదు. అచటనే, రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు చెడు మన ఆళ్ళగడ్డ ప్రసక్తి వచ్చుచున్నది.

ఆళ్ళగడ్డ శిల్పుల ఉలిచప్పుడు వినని బాటసారి లేడు. నంద్యాలనుండి కడపకు పోవు దారిలో ఆ ఊరు దాటువఱకు ఇరువైపుల దేవతామూర్తులు, నాయకుల విగ్రహములు, సగము చెక్కిన నందులు వరుసగా నిలిచియుండును. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడకముందు నుండియు, కర్నూలు జిల్లా కాలమునుండియు, ఇది రాతిపనికి పేరుపొందిన సీమయే. ఇచటి శిలలకును శాస్త్రలోకములో గౌరవమున్నది. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాస్తరములను గూర్చి గ్రంథమును ప్రకటించిన నాటినుండియు బనగానపల్లె, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల, చివరకు మన కుందేరుకూడ, రాతిపొరల పేర్లై నిలిచినవి. వీనిలో కోవెలకుంట్ల పొర సున్నపురాయి. మన యిండ్లలో పఱచుకొను నాపరాళ్ళును ఆ జాతివే. బనగానపల్లె, పాణ్యం పొరలు క్వార్ట్‌జైట్ అను గట్టిరాయి. అది దాదాపుగా అంతయు, ఊపిరితిత్తులకు హానిచేయు సిలికాయే. గ్రానైటులోను సిలికా పాలు గణనీయమైనది. నల్లరాళ్ళలో కొన్నిటియందు అది అల్పము. కావున రాతిదుమ్ములన్నియు ఒకే హాని చేయునని భయపెట్టుట ఎంత తప్పో, రాతిదుమ్ము ఏదియు ఏమియు చేయదని ధైర్యము చెప్పుటయు అంతే తప్పు. ఏ రాయి చెక్కుచున్నాడో శిల్పిని అడిగిన వైద్యుడే సగము రోగనిర్ణయము చేసినవాడు.

ఉలి, సుత్తెలతో చెక్కిన కాలములో పెచ్చులెగిరెడివి. నేడు విద్యుత్తుతో తిరుగు గ్రైండరు రాతిని పొడిచేసి గాలిలో కలుపుచున్నది. కంటికి కనబడు దుమ్ము ముక్కులోను గొంతులోను ఆగిపోవును. అపాయమంతయు మిల్లీమీటరులో వేయవ వంతు పరిమాణముగల కనబడని రేణువులవలన. అవి ఊపిరితిత్తుల చివరి వాయుగోణుల వఱకు పోవును. అచటి రక్షక కణములు వానిని మ్రింగి, జీర్ణింపలేక తామే చచ్చును. చచ్చిన చోట మచ్చ కట్టును. రాతిపనివారి ఆయాసమును గూర్చి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే వ్రాసెను. ఈ జబ్బునకు సిలికోసిస్ అను పేరు పందొమ్మిదవ శతాబ్దములో వచ్చినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చినది. కాని విద్యుత్తు వాడుచోట కనీసము 10 మంది పనిచేసిననే ఆ చట్టము దృష్టిలో అది ఫ్యాక్టరీ యయ్యెడిది. ఇద్దఱు కొడుకులతో రేకులషెడ్డులో విగ్రహము చెక్కు శిల్పి ఆ లెక్కకు రాలేదు.

మచ్చకట్టిన ఊపిరితిత్తిలో రక్తనాళములు కొన్ని నశించును. మిగిలినవి ప్రాణవాయువు చాలనిచోట తమంత తామే బిగుసుకొనును. ఈ ధర్మమును 1946లో స్వీడను దేశీయులైన ఫాన్ ఆయిలర్, లిల్యెస్‌ట్రాండ్ కనుగొనిరి. ఈ రెంటివలన పుపుస ధమనిలో ఒత్తిడి పెరుగును. 25 మిల్లీమీటర్లకు అలవాటుపడిన పలుచని కుడి జఠరిక 60, 70 మిల్లీమీటర్లకు ఎదురు తోయవలసి వచ్చును. మొదట అది బలియును. కొన్నాళ్ళకు అలసి వెడల్పగును. అపుడు చిరకాలముగా కుడివైపునకు పొంగియున్న నడిమి గోడ చదునై, తుదకు ఎడమవైపునకే వంగును. ఇందు సూక్ష్మమొకటి కలదు. భారము మోయు కుడి జఠరిక తన సంకోచమును ముగించుటకు ఎక్కువ సమయము తీసికొనును. ఎడమది పని ముగించి విప్పారి రక్తమును నింపుకొనబోవు ఆ ఘడియలోనే కుడిది ఇంకను బిగిసియుండి గోడను ఎడమకు నెట్టును. నిండవలసినవేళ చోటు తఱిగినది. ఊపిరితిత్తులనుండి వచ్చు రక్తమే తక్కువైనది. ఇక ఎడమ జఠరిక దేనిని పంపును? రోగి లేచి నాలుగడుగులు వేయగనే కన్నులు చీకట్లు కమ్ముట ఇందువలననే.

రాతిదుమ్ము తగులని ఇండ్లలోను ఈ కథ జరుగుచున్నది. మన దేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు డాక్టరు ఎస్. పద్మావతిగారు ఢిల్లీలో ఊపిరితిత్తులవలన చెడిన గుండె జబ్బును పరిశోధించి 1959లో ఫలితములను ప్రకటించిరి. చుట్ట, బీడీ ముట్టని స్త్రీలలో ఆ వ్యాధి అంతగా ఉండుటకు వంటింటి పొగ కారణమని ఆమె చూపుట, పాశ్చాత్యుల పుస్తకములలో లేని సంగతిని మన పొయ్యిలో వెదకి పట్టుకొనుటయే. పత్తికట్టెలను, పిడకలను మండించిన మన అవ్వల దగ్గును ముసలితనపు దగ్గని కొట్టివేసినవారు ఆ పుటలు చదువవలసినది.

నేడు ఈ గోడను చూచుటకు కోయనక్కఱలేదు. ఎకో పరీక్షలో గుండె అడ్డకోత తెరమీద కదలుచు కనబడును. గుండ్రముగా నుండవలసిన ఎడమ జఠరిక ఒకవైపు బల్లపఱపై అర్ధచంద్రమువలె కనబడినచో కుడివైపు బరువెంతో వైద్యునికి తెలియును. గోడ ముడుచుకొన్నవేళ చదునైనచో కుడివైపు ఒత్తిడి హెచ్చినదనియు, విప్పారినవేళ మాత్రమే చదునైనచో కుడివైపు రక్తము అధికముగా చేరుచున్నదనియు గుర్తు; గుండె పై గదులైన కర్ణికల నడుమ పుట్టుకతో రంధ్రమున్న పిల్లలలో ఈ రెండవ తీరు కానవచ్చును. నంద్యాలలో శాంతిరాం వైద్యకళాశాలయు, 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రభుత్వ వైద్యకళాశాలయు ఉన్నవి గనుక, పూర్వమువలె ప్రతిదానికిని కర్నూలుకు పరుగెత్తవలసిన యవసరము తగ్గినది.

చికిత్సలోనే ఈ జ్ఞానము అక్కఱకు వచ్చును. ఊపిరితిత్తుల జబ్బువలన కుడి జఠరిక ఉబ్బిన రోగికి నీరు తీయు మాత్రలిచ్చినపుడు, ఒంటిలో ద్రవము తగ్గినను బీపీ తగ్గక, ఒక్కొక్కపుడు మెఱుగగును. బంధువులకు ఇది వింతగా తోచును. కుడివైపు పొంగు తగ్గి, గోడ తన చోటికి మఱలి, ఎడమ జఠరికకు నిండుటకు తావు దొరకుటయే దీనిలోని కీలకము. రక్తములో ప్రాణవాయువు బాగుగా తగ్గిన దీర్ఘకాలపు ఊపిరితిత్తుల రోగులకు రోజునకు 15 గంటలకు తక్కువ కాకుండ ఆక్సిజన్ ఇచ్చినచో ఆయుర్దాయము పెరుగునని 1981లో బ్రిటనులో జరిగిన పరీక్ష తేల్చినది. ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద రక్తపుగడ్డ అకస్మాత్తుగా అడ్డుపడినపుడు సంగతి ఇంకను సున్నితము. బీపీ పడిపోయినదని సీసా వెంట సీసా సెలైను ఎక్కించినచో, అప్పటికే పొంగిన కుడి జఠరిక మఱింత పొంగి, ఎడమదానిని మఱింత నొక్కి, బీపీ ఇంకను పడును.

సరిగా దీనికి విరుద్ధమైన సందర్భమొకటి గలదు. గుండెపోటు కుడి జఠరికకే వచ్చినపుడు, ఊపిరితిత్తులలో నీరు లేనిచో, ఆ జఠరికను నింపి నిలుపుటకు సెలైనే మందు. రొమ్మునొప్పి యనగానే మన యిండ్లలో నాలుక క్రింద పెట్టు మాత్ర సిరలను సడలించి, కుడి గుండెకు వచ్చు రక్తమును తగ్గించి, ఇట్టి రోగిని స్పృహ తప్పింపవచ్చును. ఈ రకపు పోటు సామాన్యముగా గుండె క్రింది భాగపు పోటుతో కలిసి వచ్చును. తీగలను మామూలు చోట్ల అంటించి తీసిన ఈసీజీలో దాగియుండును. క్రింది భాగపు పోటని తెలిసిన వెంటనే, తీగలను రొమ్మునకు కుడివైపున అంటించి మఱియొక ఈసీజీ తీయుట రెండు నిమిషముల పని. దానికి కొత్త యంత్రముగాని పెద్ద ఆసుపత్రిగాని అక్కఱలేదు.